నడిచే క్యాంపు

"క్యాంపులో మోకాళ్ళక్కూడా చూస్తారంటా అమ్మాయ్?" అంది మా అత్తయ్య వెంకటరావమ్మ, ఎండుమిరపకాయల కుప్ప ముందు కాళ్ళు బారజాపుకుని తొడిమలు తీస్తూ.

ఆమెకు ఎదురుగా కూర్చుని నేనూ తొడిమలే తీస్తున్నాను. ఈ పనిలో ఒక సుఖం ఉంది. తల ఎత్తక్కర్లేదు. చేతులు వాటి పాటికి అవి పోతుంటాయి, ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతుంటాయి, ముఖంలో ఏముందో ఎవరికీ అంతుపట్టదు. "ఏమో అత్తయ్యా, చూడరేమో" అన్నాను. అది అబద్ధం కాదు. "చూడకపోతే అడుగు. ఊరికే ఇచ్చే మందుకి నామోషీ దేనికి? కిందటేడు కళ్ళ క్యాంపులో మీ మామకి అద్దాలిచ్చారు గదా" అంది. నేను ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి లాక్కున్నాను.

మా వైపు క్యాంపంటే అదే మరి. బడి ఆవరణలో టెంటు వేస్తారు. టెంటంటే నాలుగు గుంజల మీద రంగుల గుడ్డ, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల వెనక చిలకలూరిపేట నుంచి వచ్చిన డాక్టరు. కళ్ళ క్యాంపు, పళ్ళ క్యాంపు, గేదెల క్యాంపు. అందుకే నాలుగు రోజుల కిందట మా ఆయన కోటేష్ అన్నం తింటుండగా, "హెలెన్ మేడం చీరాల దగ్గర మూడు రోజులు క్యాంపు పెడుతున్నారండీ, నన్నూ రమ్మంటున్నారు" అని నేను అంటే, ఫోన్లోంచి తల ఎత్తకుండానే "ఏం క్యాంపు?" అన్నాడు. "ఆడవాళ్ళ క్యాంపు" అన్నాను. దాంతో ఆయనకు ఆసక్తి పోయింది. "రక్తం పట్టే బిళ్ళలు అవీ ఇస్తార్లే, పోయిరా. కాయ కల్లంలో ఎండుతోంది, ఈ నాలుగు రోజులూ నువ్వు ఖాళీయేగా" అన్నాడు. ఆ మాట అనే సమయానికి నేను ఒక చేత్తో ఆయన కంచంలో మజ్జిగ పోస్తూ, రెండో చేత్తో పిల్ల నోట్లో ముద్ద పెడుతున్నాను.

అప్పుడే చెప్పాల్సింది, ఆ క్యాంపు కాదండీ అని. నోటిదాకా వచ్చింది. ఆ తర్వాత కూడా రోజుకి పదిసార్లు వచ్చింది. అంట్లు తోముతుంటే వచ్చింది, కల్లంలో కాయ తిరగేస్తుంటే వచ్చింది. చెబితే పోనివ్వరు. చెప్పకపోతే మోసం. నేను మోసం చేసే మనిషిని కాదు, ధైర్యం చేసే మనిషినీ కాదు. వాళ్ళంతట వాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దకుండా ఊరుకోవడం మాత్రం నా చేతనయింది.

హెలెన్ మేడం మా హైస్కూల్లో పీఈటీ. ఇప్పుడు రిటైరై చీరాలలో ఉంటున్నారు. పదో తరగతిలో నన్ను ఖోఖో జట్టులో పెట్టి మండలం దాకా తీసుకెళ్ళింది ఆవిడే. తర్వాత ఇంటర్ మొదటి సంవత్సరం, జనవరి నెల, మిరపకోతకి మనుషులు దొరక్క మా నాన్న "ఈ నెల రోజులూ కాలేజీ మానెయ్యమ్మా" అన్నాడు. ఆ నెల రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు. మధ్యలో సంబంధం వచ్చింది, పెళ్ళయింది, పిల్ల పుట్టింది. ఇన్నేళ్ళ తర్వాత మేడం ఫోన్ చేసి, "జ్యోతీ, వాడరేవులో మొదలుపెట్టి కొత్తపట్నం దాకా ఒడ్డు వెంబడి నడుస్తున్నాం. ఏడుగురు ఆడవాళ్ళం. ఎవరి సామాను వాళ్ళ వీపున. పొద్దుగూకితే ఇసకలోనే టెంటు. ఒకామె మానేసింది. బ్యాగుంది, టెంటుంది, మనిషే లేదు. నువ్వు గుర్తొచ్చావు" అన్నారు. నేనెందుకు గుర్తొచ్చానని అడిగితే, "పరిగెత్తడం మొదలుపెడితే విజిల్ వేసినా ఆగేదానివి కాదుగా" అని నవ్వారు. ఆ పిల్ల ఎవరో నాకు గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక అద్దంలో చూసుకున్నాను. కనబడలేదు.

అసలు భయం మా వాళ్ళు కాదు, మా భవ్య. దానికి నాలుగున్నరేళ్ళు. రెండేళ్ళప్పుడు ఒకరోజు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. నేను కల్లంలో ఉన్నాను. కేకలు విని పరుగెత్తుకొచ్చానే గాని ముట్టుకోలేకపోయాను. చేతుల నిండా కారం. ఎర్రగా మండిపోతున్న వేళ్ళు గాల్లో పెట్టుకుని నిలబడి ఉంటే, పిల్ల అత్తయ్య ఒళ్ళో కొట్టుకుంటోంది. ఆ రోజు మా ఆయన అన్న మాట ఇదీ: "తల్లివి, నువ్వుండి ఏం లాభం?" ఆ వయసు పిల్లలకి జ్వరంలో ఇట్లా రావడం మామూలే, పెరిగే కొద్దీ పోతుందని డాక్టరు చెప్పాడు. నిజంగానే మళ్ళీ రాలేదు. కానీ నాకు పోలేదు. ఆ రోజు నుంచి దాని నుదురు చూడకుండా నేను ఒక గంట గడిపింది లేదు. బడికి పంపితే ఆయమ్మకి ఫోన్ చేస్తాను. ఆయమ్మ ఇప్పుడు నా నంబరు చూసి ఎత్తడం మానేసింది. అలాంటిదాన్ని మూడు రోజులు పిల్లని వదిలి ఎలా బయల్దేరానో నాకే తెలియదు. శుక్రవారం తెల్లారుజామున మొదటి బస్సెక్కాను. పర్చూరు దాటేదాకా దిగిపోదామా, దిగిపోదామా అని కమ్మీ పట్టుకునే కూర్చున్నాను.

వాడరేవులో పడవల పక్కన, ఎండబెట్టిన చేపల వాసనలో, మేడం అందరి బ్యాగులూ తూచినట్టు ఎత్తి చూశారు. నాది ఎత్తలేకపోయారు. ఇసకలో బోర్లించారు. గోంగూర పచ్చడి సీసా, చెక్కల డబ్బా, రెండు దుప్పట్లు, వాటి మధ్య నుంచి ఒక థర్మామీటరు, పిల్లల జ్వరం సిరప్పు రెండు సీసాలు, చిన్న గౌను ఒకటి.

"పిల్ల రావట్లేదుగా జ్యోతీ. సిరప్పెవరికి? నాకా?" అన్నారు మేడం.

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఏడ్చాను. ఎప్పుడు సర్దానో కూడా గుర్తు లేదు. చేతులకి అలవాటైపోయింది. ఒంగోలులో ఏదో ఆఫీసులో పనిచేసే సిద్దికా అనే అమ్మాయి, నాకంటే రెండేళ్ళు చిన్నదేమో, ఆ గౌను తీసి మడిచి, "అక్కా, ఇదొక్కటి ఉంచుకో. బరువుండదు" అంది. మిగతావి మేడం తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టించారు.

నడక మొదలైంది. పొడి ఇసకలో అడుగు వేస్తే పిక్క దాకా దిగుతుంది, అల వచ్చి వెళ్ళిన తడి ఇసక మీదయితే నేల గట్టిగా ఉంటుంది. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క సరుగుడు తోట, ముందు ఎవరూ లేని ఒడ్డు. ఎర్ర పీతలు వందలు వందలు మమ్మల్ని చూసి బొరియల్లోకి దూరుతున్నాయి, ఇసక మీద ఎవరో కాయ ఆరబోసి చప్పున ఎత్తేసినట్టుంది. మొదటి గంట నేను అక్కడ లేను. ఇప్పుడు లేచి ఉంటుంది, ఇప్పుడు బడి ఆటో వచ్చి ఉంటుంది, పాలు తాగిందో లేదో, జడ ఎవరు వేశారో. రెండో గంటకి భుజాలు గుంజడం మొదలైంది. కాయ కోసేటప్పుడు గోనె ఒడిని నడుముకి బిగించి కట్టుకుంటాం, బరువు భుజానికి తెలియకుండా. చున్నీ తీసి బ్యాగు పట్టీలని కలిపి నడుం చుట్టూ అట్లాగే బిగించాను. బరువు మాయమైంది. అది చూసి సిద్దికా, ఆ వెనక మిగతావాళ్ళూ చున్నీలు తీశారు. మధ్యాహ్నం ఒక తాటిచెట్ల గుంపు కింద కూర్చుని నీళ్ళు తాగుతున్నప్పుడు హఠాత్తుగా తట్టింది. భవ్య సంగతి మర్చిపోయాను. ఎంతసేపటి నుంచి మర్చిపోయానో కూడా తెలియలేదు. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు చుట్టూ చూశాను. ఎవరూ నన్ను చూడటం లేదు. సముద్రం దాని పని అది చేసుకుంటోంది.

పొద్దు వాలుతుండగా మోటుపల్లికి ఇవతల సరుగుడు తోట పక్కన ఆగాం. దిబ్బ ఎక్కితే సిగ్నల్ ఉందని సిద్దికా చెబితే ఎక్కి ఫోన్ చేశాను. అత్తయ్యే ఎత్తింది.

"భవ్య ఏం చేస్తోంది అత్తయ్యా? ఒళ్ళు వెచ్చగా ఏమన్నా..."

"శుభ్రంగా ఉంది. దూడ తోక పట్టుకుని తిరుగుతోంది. మోకాళ్ళ మందు తీసుకున్నావా?"

ఇక నావల్ల కాలేదు. "ఇది ఆ క్యాంపు కాదత్తయ్యా. ఇక్కడ డాక్టర్లు ఉండరు. ఇది నడిచే క్యాంపు. సముద్రం ఒడ్డున నడుస్తాం."

"నడిచి?"

"నడిచి... కొత్తపట్నం పోతాం."

"బస్సు లేదా?"

"ఉంది."

అవతల అత్తయ్య గొంతు, నాతో కాదు: "ఒరేయ్ కోటేషూ, ఇటు రా. నీ పెళ్ళానికి ఏందో అయింది." మా ఆయన ఫోన్ లాక్కున్నాడు. రాత్రికి ఎక్కడ పడుకుంటావన్నాడు. మోటుపల్లి దగ్గర, టెంటులో అన్నాను. ఆడాళ్ళేనా అన్నాడు. ఆడాళ్ళమే అన్నాను. "సిగ్గూ శరం లేకుండా రోడ్డున పడ్డావు. నలుగురికీ ఏం చెప్పుకోను? రేపు పొద్దున మోటుపల్లి వస్తా. నోరు మూసుకుని బండెక్కు" అన్నాడు. తర్వాత సిగ్నల్ పోయింది.

రోడ్డున పడలేదు, ఇక్కడ రోడ్డే లేదు అనాలనిపించింది. అంత మాట వెంటనే తోచి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. దిబ్బ మీద అట్లాగే నిలబడిపోయాను. ఇప్పుడే మేడంకి చెప్పేస్తే సరి, రేపు వెళ్ళిపోతానని. అనుకుంటూ మామూలుగా ఆకాశం కేసి చూశాను. అది మిరపకాయ ఎండబెట్టుకునే ఆడదానికి ఉండే అలవాటు. గంటకోసారి పిల్ల నుదురు, గంటకోసారి ఆకాశం. ఈశాన్యం మూల మబ్బు నల్లగా కాదు, బూడిద రంగులో, అంచు తెగినట్టు ఉంది. ఇలాంటిది వాన తక్కువ తెస్తుంది, గాలి ఎక్కువ తెస్తుంది. పావుగంట పట్టదు.

కిందికి చూస్తే మేడం వాళ్ళు టెంట్లకి ఇనప మేకులు దిగ్గొడుతున్నారు. ఇసకలో మేకు ఏం ఆగుతుంది? నేను దిగేలోపే మొదటి విసురు వచ్చింది. సిద్దికా టెంటు బంతిలా దొర్లుకుంటూ సముద్రం వైపు పరుగెత్తింది, దాని వెనక సిద్దికా.

"పట్టుకోండి! అంచు మీద కూర్చోండి! కూర్చోండంటే!" ఎవరా అంత పెద్ద గొంతు అని నాకే ఆశ్చర్యం వేసింది. కల్లంలో గాలొచ్చినప్పటి గొంతు అది, ఇంట్లోకి ఎప్పుడూ రాదు. "మేడం, మీరా మూల కూర్చోండి. లేవకండి!" హెలెన్ మేడం చటుక్కున కూర్చున్నారు. కల్లంలో కాయ మీద టార్పాలిన్ పట్టా కప్పేటప్పుడు మూలకి తాడు ఊరికే కడితే గాలికి జారిపోతుంది, చిల్లి పెట్టి కడితే చినిగిపోతుంది. గుడ్డ లోపల ఒక రాయి పెట్టి, చుట్టూ మెలేసి, ఆ మెడ దగ్గర తాడు బిగిస్తే ఇక ఏ గాలీ ఊడదియ్యలేదు. ఈ ఒడ్డున రాళ్ళు లేవు. తాటి టెంకలున్నాయి. ఏరుకురమ్మన్నాను. తాడు రెండో కొసకి మేకు బదులు క్యారీబ్యాగు నిండా తడి ఇసక పోసి, మోకాలి లోతు గుంట తవ్వి పూడ్చేశాను. ఒక మూల చూపిస్తే రెండో మూల వాళ్ళు కట్టారు. ఆఖరి ముడి బిగించేసరికి సరుగుడు చెట్లు వంగిపోతున్నాయి. చినుకులు టపటపమన్నాయి. నాలుగు టెంట్లూ పొట్టలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్నాయి.

"ఇదెక్కడ నేర్చుకున్నావే?" అన్నారు మేడం, ఇంకా ఆ మూలనే కూర్చుని.

"ఖాళీగా ఉన్నప్పుడు" అన్నాను. ఎందుకన్నానో గాని, అన్నాక నాకు నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే పొట్ట పట్టుకుని ఇసకలో కూలబడ్డాను. కారణం తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు.

గాలి తగ్గాక పొయ్యి వెలిగించి అన్నం, టమాటా పప్పు వండారు. వడ్డించడానికి నేను లేచి నిలబడితే మేడం "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిద్దికా నా పళ్ళెంలో అన్నం పెట్టి పప్పు పోసింది. పొగలొస్తోంది. ఇంట్లో అందరూ తిన్నాక, పిల్ల తిన్నాక, అడుగున చల్లబడింది తింటాను గనక వేడన్నం తినడమే మర్చిపోయాను. మొదటి ముద్దకే నాలుక కాలింది. ఆ మంట కూడా బాగుంది. తిన్నాక ఎవరి పళ్ళెం వాళ్ళు సముద్రం నీళ్ళలో ఇసకతో తోముకున్నారు. నా వంతు ఒకటే పళ్ళెం. ఒకటే. తోమింది మళ్ళీ తోమాను.

పొద్దున్న లేచేసరికి సూర్యుడు నీళ్ళలోంచి చెయ్యెత్తు పైకి వచ్చేశాడు. ఒక్కసారి కూడా మెలకువ రాకుండా నిద్రపోయాను. భవ్య పుట్టాక ఇదే మొదటిసారి. టెంట్లు మడిచి మోటుపల్లి దగ్గరికి నడిచేసరికి ఎనిమిదిన్నరయింది. తారు రోడ్డు ఆగిపోయి ఇసక మొదలయ్యే చోట నుంచి బండి చప్పుడు వినిపించింది. మా ఆయన బండి దిగి నడవలేదు. నేరుగా ఇసకలోకి ఎక్కించాడు. పది గజాలు వచ్చేసరికి వెనక చక్రం సగం దాకా దిగబడింది. ముందు ట్యాంకు మీద భవ్య.

నేను పరుగెత్తాను. దాన్ని ఎత్తుకుని నుదురు మీద మణికట్టు పెట్టి చూశాను. చల్లగా ఉంది. జడ ఒకటే, అది కూడా చెవి మీద నుంచి పుట్టుకొచ్చినట్టుంది. గౌను వెనకది ముందుకి వేశారు. చేతిలో సగం తిన్న బన్ను. "నాన్న వేశాడు జడ" అంది గొప్పగా. అప్పుడు చూసుకున్నాను నా చేతులు. కారం లేదు. మంట లేదు. నిన్నటి నుంచి మిరపకాయ ముట్టని వేళ్ళు. కోత మొదలయ్యాక మొట్టమొదటిసారి పిల్ల కళ్ళ మీద, పెదాల మీద, పది వేళ్ళతో భయం లేకుండా రాశాను. అది చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వింది.

"రాత్రంతా ఏడ్చింది నీకోసం" అన్నాడు మా ఆయన.

"నేను ఏడవలా. నాన్నమ్మ ఏడ్చింది, కాయ తడిసిందని" అంది భవ్య.

నేను ఆయన కేసి తిరిగాను. "కాయ తడిసిందా?"

ఆయన బండి మీదే కూర్చుని అటు ఎటో చూస్తూ చెప్పాడు. "సాయంత్రం గాలొచ్చింది. పట్టా కప్పాం. లేచిపోయి బుల్లయ్య చేలో పడింది. మళ్ళీ తెచ్చి కప్పేసరికి చినుకులు పడ్డాయి."

"ముడి ఎవరు వేశారు?"

"అమ్మకి రాదంట ఆ ముడి. 'జ్యోతి వేసేది' అంటది."

"మీకు?"

ఆయన బండి హ్యాండిల్ సరిచేసుకున్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆరు కోతలు చూశాం. ఆరేళ్ళూ మబ్బు పట్టినప్పుడల్లా ఆయన గట్టు మీద నిలబడి "తొందరగా, తొందరగా" అని అరవడమే నాకు గుర్తుంది. ఆ అరుపే పట్టాని పట్టుకుని ఉంచుతుందని ఆయన అనుకున్నాడేమో.

"తడిసింది కింద కాయలో కలిపేశారా?"

"లేదు. పక్కకి తీసింది అమ్మ."

"అయితే భయం లేదు. ఇవాళ ఎండ కాస్తుంది. పలచగా ఆరబోసి, పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి తిరగెయ్యండి. రంగు పోదు."

"తిరగెయ్యండి ఏంటి? నువ్వెక్కు ముందు. ఏమే, వినపడట్లా? సాయంత్రం మళ్ళీ గాలొస్తే?"

కొంచెం దూరంలో సిద్దికా వాళ్ళు బ్యాగులు తగిలించుకుని నిలబడ్డారు. హెలెన్ మేడం వాళ్ళ చూపుని సముద్రం వైపు తిప్పించారు. ఆవిడ నాకేమీ చెప్పలేదు, రమ్మనీ పొమ్మనీ. ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పని క్షణం అదొక్కటే అనుకుంటాను, పుట్టి బుద్ధెరిగాక. ఎక్కితే ఏముంది, రెండు గంటల్లో కల్లంలో ఉంటాను. కాయ ఆరబోస్తాను, పట్టా కడతాను, మళ్ళీ ఏడాది ఆయన గట్టు మీదా, నేను గాల్లో. పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేసుకుని బన్ను తింటోంది. దాని ఒంట్లో జ్వరం లేదు. నేను ఒక రోజు, ఒక రాత్రి లేను, దానికి ఏమీ కాలేదు. నా భయం అబద్ధం అని కాదు. నేను చూస్తూ ఉంటేనే అది బతుకుతుందన్నది అబద్ధం.

"దిగండి" అన్నాను.

"ఏందీ?"

"బండి దిగి ఇట్లా కూర్చోండి. మీ తువ్వాలు ఇవ్వండి."

ఎందుకో అడగకుండానే దిగాడు. బహుశా ఇసకలో బండి నిలబెట్టుకోలేక కాళ్ళు నొప్పి పుట్టి ఉంటాయి. ఇసకలో ఎదురెదురుగా కూర్చున్నాం. నా బ్యాగులోంచి టెంటు తాడొకటి తీసి, తువ్వాలు మూలలో ఒక ఆల్చిప్ప పెట్టాను. "ఇట్లా లోపల పెట్టాలి. రాయి మీద గుడ్డని మెలెయ్యాలి. ఇటు కాదు, కుడికి. ఇప్పుడు తాడు రెండు చుట్లు, రెండోది మొదటిదాని మీద నుంచి. లాగండి." ఆయన లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. "ఇదంతా నావల్ల కాదే" అన్నాడు. "మళ్ళీ" అన్నాను. మూడోసారికి కూడా ఊడింది. భవ్య "నాన్నకి రాదు, నాన్నకి రాదు" అని చప్పట్లు కొట్టింది. నాలుగోసారి నిలిచింది. రెండు చేతులా గుంజి చూశాడు. ఊడలేదు. మళ్ళీ గుంజాడు. ఆయన ముఖంలో, ఒక్క రెప్పపాటు, ఖోఖోలో మొదటిసారి గెలిచిన పిల్లవాడి ముఖం కనిపించింది. వెంటనే దాచేసుకున్నాడు.

"నాలుగు మూలలకీ ఇంతే. మధ్యలో కూడా రెండు వెయ్యండి. యూరియా సంచుల్లో మట్టి పోసి అంచుల మీద పెట్టండి. భవ్యకి పగలు పెరుగన్నం చాలు. జడ రెండు వేస్తే చిక్కు పడదు" అని లేచి నిలబడ్డాను. "రేపు సాయంత్రం నాలుగింటికి కొత్తపట్నంలో ఉంటాను. వస్తే అందరం కలిసి పోదాం. పని ఉంటే రావద్దు, బస్సుంది."

"నువ్వు రావా?"

"రాను."

ఇంత చిన్న మాట అని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆయన నా కేసి, నా వెనక ఆడవాళ్ళ కేసి, దిగబడిన చక్రం కేసి చూశాడు. కోపంగా బండి స్టార్ట్ చేశాడు. చక్రం గిర్రున తిరిగి నా మీద, పిల్ల మీద ఇసక చిమ్మింది. బండి ఇంకా లోతుకి పోయింది. రెండోసారి, మూడోసారి. అప్పుడు నేను భవ్యని దింపి, వెనకాల రెండు చేతులూ ఆనించి, "క్లచ్ మెల్లిగా వదలండి" అన్నాను. తోశాను. సిద్దికా పరుగెత్తుకొచ్చి ఒక పక్క పట్టుకుంది, ఆ తర్వాత మిగతావాళ్ళు. ఏడుగురు ఆడవాళ్ళం కలిసి మా ఆయన్ని బండితో సహా ఇసకలోంచి తారు రోడ్డు మీదికి ఎక్కించాం. భవ్యని ట్యాంకు మీద కూర్చోబెట్టి, గౌను ముందుది ముందుకి తిప్పి తొడిగాను. "నేనూ నడుస్తా" అని మారాం చేసింది. "నువ్వు ఐదో క్లాసుకొచ్చాక" అన్నాను. "ప్రామిస్?" అంది. "ప్రామిస్" అన్నాను.

బండి కదిలింది. కొంచెం దూరం పోయి ఆగింది. మా ఆయన వెనక్కి తిరిగి అరిచాడు: "కుడికేనా మెలెయ్యాల్సింది?"

"కుడికే!" అని అరిచాను.

ఆ మధ్యాహ్నం గుండ్లకమ్మ సముద్రంలో కలిసే మొగ దగ్గర యలమందయ్య అనే ముసలాయన మమ్మల్ని పడవలో దాటించాడు. "మగాళ్ళెవరూ లేరా మీ ఎంబడి?" అని అడిగాడు. "నువ్వున్నావుగా బాబాయ్, ఒక్కడివి చాలు" అంది సిద్దికా. సగం దాటాక పడవ ఇసక మేటకి తగులుకుంది. ఇక్కణ్ణుంచి దిగి నడవమన్నాడు. నడుం లోతు నీళ్ళు, ఒక పక్క ఏరు లాగుతోంది, ఒక పక్క అల నెడుతోంది. నాకు ఈత రాదు. ముందు దిగింది నేనే. బ్యాగు నెత్తిన పెట్టుకుని కాలితో నేల వెతుక్కుంటూ "ఇటు గట్టిగా ఉంది, నా వెనకే రండి" అంటూ నడిచాను. అవతలి ఒడ్డు ఎక్కాను. వెనక్కి చూస్తే ఆరుగురూ నా అడుగుల్లోనే వస్తున్నారు.

మూడో రోజు మధ్యాహ్నానికి కొత్తపట్నం పడవలు చిన్న చిన్న గీతల్లా కనిపించాయి. నేను ముందు నడుస్తున్నాను. ముందు నడవమని ఎవరూ అనలేదు. హెలెన్ మేడం అంగలేసుకుంటూ వచ్చి నా పక్కన కలిశారు. "వచ్చే నెల గుంటూరు నుంచి పన్నెండు మంది వస్తున్నారు. అందరూ కొత్తవాళ్ళే. గాలి చూసి చెప్పగలిగిన మనిషి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ దిగాలో తెలిసిన మనిషి ముందుండాలి. నేను వెనక ఉంటా. నువ్వు ముందుంటావా?" అన్నారు.

ఇంట్లో అడిగి చెప్తాను మేడం. ఆ మాట నాలుక మీదికి తయారై వచ్చేసింది. కుట్టు శిక్షణకి పిలిచినప్పుడు అదే చెప్పాను. ఇంటర్ పరీక్ష ప్రైవేటుగా కట్టమని స్నేహితురాలు అన్నప్పుడు అదే చెప్పాను. పుట్టింటికి ఒక పూట రమ్మని అమ్మ అడిగినా అదే. అడగడానికి వెళ్ళేదాన్ని, జవాబు మోసుకొచ్చేదాన్ని.

తడి ఇసక మీద ఇంకో నాలుగు అడుగులు వేశాను. కుడి పాదం, ఎడమ పాదం, కుడి పాదం.

"ఇంట్లో చెప్పి వస్తాను మేడం" అన్నాను.